పైన తేజ, కింద తాలు

ప్రతి మనిషికీ ఒక పిచ్చి ఉంటుందంటారు. మా అత్తగారికి స్టీలు సామాన్ల పిచ్చి, మావారికి పేపరు పిచ్చి. నా పిచ్చి రెండు తలుపుల కారు. నలభై ఏడేళ్ళ వయసులో ఈ మాట పైకి అన్ననాడు ఇంట్లో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మావారు పేపరు మడిచి, "ఏసీ ఉంటుందా?" అన్నారు. ఉండదన్నాను. "పవర్ స్టీరింగు?" అదీ ఉండదన్నాను. "పోనీ, స్పేరు పార్టులైనా దొరుకుతాయా?" వెతుక్కోవాలన్నాను. "అయితే నీ నవలల్లాంటిదే. దొరకడం కష్టం, కొనేవాళ్ళూ నీలాంటివాళ్ళే" అని మళ్ళీ పేపరు విప్పారు.

నా దగ్గరున్నది అక్షరాలా రెండు లక్షలు. ఆ డబ్బుకి పాతకాలపు అసలు సిసలు స్పోర్ట్సు కారు రాదు, దాని అద్దాలు తుడుచుకునే గుడ్డ వస్తే గొప్ప. అందుకని నేను దాని చుట్టాల్లో ఎవరైనా బీదవాళ్ళు ఉన్నారేమోనని వెతికాను. ఉన్నారు సుమండీ! స్టాండర్డ్ హెరాల్డ్.

ఈ కాలం పిల్లలకి ఆ పేరు తెలియకపోవచ్చు. విదేశీ కార్ల దిగుమతికి తలుపులు దాదాపు మూసుకుపోయిన రోజుల్లో మన దేశంలో సామాన్యంగా కనిపించే కార్లు మూడే. కలకత్తా వైపునుంచి అంబాసిడరు, బొంబాయినుంచి ఫియట్, మద్రాసునుంచి హెరాల్డు. 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ వాళ్ళు తెచ్చిన కారుని మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ వాళ్ళు 1961నుంచి ఇక్కడ తయారుచేశారు. దాని రూపురేఖలు దిద్దినవాడు మికెలోట్టి అనే ఇటలీ ఆయన. ఆ ఛాసిస్‌నే కాస్త పొట్టిచేసి, ఆయన చేతనే ఒళ్ళు చెక్కించి, 1962లో ట్రయంఫ్ వాళ్ళు స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్సు కారు తీశారు. అంటే స్పిట్‌ఫైర్‌కి మన హెరాల్డు స్వయానా అక్క. చెల్లెలు సీమలో షికార్లు కొట్టింది, అక్క మన నల్లరేగడి నేలలో కాపురం చేసింది. అంతే తేడా!

నా చిన్నతనంలో పర్చూరు వైపు ఒక డాక్టరుగారికి హెరాల్డు ఉండేది. మిగతా కార్లకి బానెట్ మూత ఒక్కటే లేస్తుంది. దీనికి ముందు భాగమంతా, దీపాలతో మడ్గార్డులతో సహా, ముందుకి వాలిపోతుంది. వానాకాలం రేగడి బురదలో అది ఆగిపోయినప్పుడల్లా డాక్టరుగారు దాన్ని మొసలి నోరులా తెరిచేవారు. మేం పిల్లలం పత్తి చేలోంచి పరిగెత్తుకొచ్చి లోపలికి తొంగి చూసేవాళ్ళం. పాతిక అడుగుల జాగా ఉంటే చాలు, గుండ్రంగా తిరిగిపోయేది. ఆ కారు 1990లలోనే పాత ఇనుముకి పోయిందట. నాకు మాత్రం ఇంకా ఆ దారిలోనే నిలబడి ఉన్నట్టుంటుంది.

సరే, వేట మొదలుపెట్టాను. మొదట దొరికింది గుంటూరు పొలిమేరలో. ఎర్రటి ఎరుపు! మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు, అంత మెరుపు. బ్రోకరు లక్షా ఎనభై అన్నాడు. నేను అప్పటికే మనసులో ఎక్కి కూర్చుని గేరు మార్చేస్తున్నాను. ఆ రోజు కంటి డాక్టరు దగ్గరికని మా నాన్న నా వెంట వచ్చి ఉండడం నా అదృష్టం.

నాన్న యాభై ఏళ్ళు మిరప పండించాడు. కారు సంగతి ఆయనకేమీ తెలియదు. కాని గుంటూరు యార్డులో మిర్చి ఎలా కొంటారో తెలుసు. తెలిసిన కొనుగోలుదారు టిక్కీ పైన మిలమిల్లాడే కాయ చూడడు. మోచేతి దాకా లోపలికి చెయ్యి దూర్చి, అడుగునున్న పిడికెడు కాయ బయటికి లాగి, తొడిమ తుంచి, తేమ చూసి, అప్పుడు ధర చెప్తాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి కండువా నేలమీద పరిచి, పక్కకి ఒరిగి, తలుపు కింద చెయ్యి పెట్టాడు. తీసేసరికి గుప్పెట నిండా తుప్పు, పొట్టు రాలినట్టు రాలింది.

"పైన తేజ, కింద తాలు. పద అమ్మాయ్" అన్నాడు.

తాలంటే రంగు వెలిసిన నాసికాయ. బ్రోకరు మొహం కూడా అలాగే వెలిసింది.

ఆ దెబ్బతో బుద్ధొచ్చి, విజయవాడ ఆటోనగర్‌లో ఒకప్పుడు హెరాల్డులు బాగుచేసిన ఒక ముసలి మెకానిక్‌ని పట్టుకున్నాను. ఆయన చెప్పినవి డైరీలో రాసుకున్నాను. మీలో ఎవరికైనా ఇలాంటి పిచ్చి ఉంటే పనికొస్తాయి. రంగు చూడవద్దు, జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకు వెళ్ళండి. గుడ్డ చుట్టి రేకుకి ఆనించండి, అంటుకోని చోట ఉన్నది రేకు కాదు, పుట్టీ. తలుపు మెల్లగా మూసి చూడండి. ఎత్తిపట్టి మూయాల్సి వస్తే కింద ఛాసిస్ చేతులు కుళ్ళాయన్నమాట. బానెట్ ఎత్తి, ఒకరు క్లచ్ తొక్కుతుంటే ఇంకొకరు ఇంజను ముందున్న కప్పీ చూడాలి; అది కళ్ళకి కనిపించేంతగా ముందుకీ వెనక్కీ జరిగితే లోపల క్రాంకుని అదిమిపట్టే వాషర్లు అరిగాయి, ఇంజను విప్పక తప్పదు. ముందు చక్రాల దగ్గర ట్రనియన్ అని ఇత్తడి కీలు ఉంటుంది. దానికి గ్రీజు కాదు, గేరు ఆయిల్ పట్టించాలి. గ్రీజు కొట్టి వదిలేస్తే ఎప్పుడో నడిరోడ్డు మీద చక్రం కాలు మడుచుకుంటుంది.

"అన్నిటికన్నా ముఖ్యం మేడమ్, ఉన్న డబ్బులో సగం మించి కారుకి ఇవ్వకండి. మిగతా సగం అదే అడిగి తీసుకుంటుంది" అన్నాడాయన.

రెండో కారు పర్చూరుకి నాలుగు మైళ్ళ దూరంలో ఒక పల్లెలో ఉందని తెలిసింది. 1966 నాటిది, 948 సీసీ ఇంజను. రంగు ఒకప్పుడు మీగడ తెలుపట, ఇప్పుడు కాగి కాగి అడుగంటిన పాల రంగు. పశువుల కొట్టంలో గడ్డి మోపుల వెనక ఉంది. వెనక సీటులో కోడి గుడ్లు పెట్టింది. మెకానిక్ అయస్కాంతంతో ఒళ్ళంతా తడిమాడు. తలుపు ఒక వేలితో తోస్తే టక్కున పడింది. క్లచ్ నేను తొక్కాను, కప్పీ జరగలేదు. ఛాసిస్ నంబరూ ఇంజను నంబరూ ఆర్సీతో సరిపోయాయి. నాన్న మళ్ళీ కండువా పరిచి కిందికి వంగాడు. ఈసారి చేతికి మట్టి తప్ప ఏమీ రాలలేదు.

యజమానురాలు డెబ్భై దాటినావిడ. భర్త పోయి ఆరేళ్ళు. మాకు మజ్జిగ ఇచ్చి, "పాత సామాన్లవాడు పాతిక వేలిస్తానన్నాడు. మీరు నడుపుకుంటామంటున్నారు గనక నలభై ఇప్పించండి" అంది.

నలభై! నా గుండె గంతులేసింది. ఇంకా లక్షా అరవై చేతిలో ఉంటుంది. కొత్త రంగు, కొత్త సీట్లు, క్రోమియం తళుకులు, అన్నీ ఒక్క క్షణంలో కళ్ళముందు తిరిగాయి. ఒప్పేసుకుందామని నోరు తెరిచాను.

నాన్న కండువా దులుపుకుంటూ లేచాడు. "అమ్మా, ఇది పాతిక వేల సరుకూ కాదు, నలభై వేల సరుకూ కాదు. అడుగు గట్టిగా ఉంది. గుంటూరులో తుక్కయిపోయిన దానికి లక్షా ఎనభై అడిగాడొకడు" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నేను వెనకనుంచి ఆయన చొక్కా పట్టుకు లాగాను.

"మరి ఎంతంటారు అన్నయ్యగారూ?" అని ఆవిడ అడిగింది.

"కొనేది మా అమ్మాయి, ధర నేను చెప్పకూడదు. నువ్వు చెప్పమ్మా" అని నావైపు తిరిగాడు.

నేను ఇంటరు చదివే రోజుల్లో ఒకసారి నాన్నతో యార్డుకి వెళ్ళాను. అక్కడికి వచ్చినాయన మా టిక్కీలో చెయ్యి పెట్టి, పిడికెడు కాయ తీసి, మాకు చూపించకుండానే మళ్ళీ లోపల పడేసి, "తాలు కలిసింది" అని ధర తగ్గించేశాడు. అప్పులవాళ్ళు ఇంటి ముందున్నారు, సరుకు వెనక్కి తీసుకెళ్ళే శక్తి లేదు. ఇచ్చేశాం. గంట తర్వాత అవే టిక్కీలు మొదటి రకం కింద లారీ ఎక్కడం ఇద్దరం చూశాం. నాన్న ఏమీ అనలేదు. ఆ ఏడు నా ఫీజు గేదెని అమ్మి కట్టాడు.

అదంతా ఆ కొట్టంలో నిలబడి ఉండగా గుర్తొచ్చింది. ఒక్క గుటక మింగి, "లక్ష ఇస్తానండీ" అన్నాను. ఆవిడ నమ్మలేనట్టు ఒకసారి నాన్నని చూసింది, ఒకసారి కారుని చూసింది. కొంగుతో అద్దం మీద దుమ్ము తుడిచింది.

నేనేదో ఉదారంగా ఇచ్చేశాననుకునేరు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చిలకలూరిపేట దాకా నాన్నతో పోట్లాడుతూనే ఉన్నాను. "అమ్మే ఆవిడే నలభై అంటే మధ్యలో నీకెందుకు నాన్నా?" అని. ఆయన కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ, "చెయ్యి పెట్టినవాడు బయటికి తీసి చూపించాలమ్మా. తాలయితే తాలు, తేజ అయితే తేజ" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

తర్వాత కాగితాల భాగవతం. ఆర్సీ పోయినాయన పేరు మీదే ఉంది. అలాంటప్పుడు ముందు ఫారం 31తో వారసుల పేరుకి మారాలి, ఆ తర్వాతే 29, 30 ఫారాలతో నా పేరుకి. కొడుకుల్లో ఒకరు హైదరాబాదు, ఒకరు అమెరికా. సంతకాలకే మూడు నెలలు పట్టింది. పదిహేనేళ్ళు దాటిన కారుకి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 600 రూపాయలుండే ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. నేను కట్టింది 2023లో. ఆలస్యపు జరిమానా అదనం. యాభై ఏళ్ళు దాటిన బళ్ళకి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ అని వేరే పద్ధతి పెట్టారు. దానికి 20,000 ఫీజు. పైగా ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజూ నడపకూడదు. కూరలకి కూడా తీసుకెళ్ళలేని కారు నాకెందుకని పాత పద్ధతే పట్టుకున్నాను.

మిగిలిన లక్ష మెకానిక్ చెప్పినట్టే కారు అడిగి తీసుకుంది. బ్రేకులు, టైర్లు, రేడియేటరు, వైరింగు, పెట్రోలు ట్యాంకులో అరవై ఏళ్ళ మడ్డి. స్పిట్‌ఫైర్ చుట్టరికం ఇక్కడ పనికొచ్చింది. అక్కచెల్లెళ్ళకి చాలా సామాను ఒకటే కావడంతో ఇంగ్లండులో ఇప్పటికీ కొత్తవి తయారుచేసి అమ్ముతున్నారు. ట్రనియన్లు అక్కడినుంచే వచ్చాయి, కస్టమ్స్ సుంకంతో సహా. రంగు దగ్గరికి వచ్చేసరికి నా పర్సులో చిల్లర మిగిలింది. అందుకని మా కారు ఇప్పటికీ అడుగంటిన పాల రంగులోనే ఉంది. ఆ అరవై వేలు నా దగ్గరే ఉండి ఉంటే అది కూడా ఎర్రగా మెరిసేది. ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడు మనసులో గుచ్చుకుంటుంది. అబద్ధమెందుకు?

ఇక దాని స్పోర్ట్సు సంగతి. గంటకి ఎనభై కిలోమీటర్లు దాటితే మాటలు వినబడవు. మలుపులో వేగంగా వెళ్తూ ఉన్నట్టుండి యాక్సిలరేటరు వదిలితే వెనక చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి, ఆ ఇరుసు తీరే అంత. హైవే మీద లారీలు హారను కొట్టి దాటిపోతాయి. మావారు మొదట్లో పక్కన కూర్చోవడానికే సిగ్గుపడ్డారు. ఇప్పుడు ఆదివారం ఆయనే బకెట్టు పట్టుకు వస్తారు, నేను కడిగితే నీళ్ళు లోపలికి పోతాయిట. నాన్న ఎక్కినప్పుడల్లా, "రోడ్డుమీద చాపేసుక్కూర్చున్నట్టుంది" అంటాడు గాని దిగమంటే దిగడు.

మొన్న సంక్రాంతికి నాన్నని ఎక్కించుకుని ఆ పల్లెకి వెళ్ళాం. ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. రమ్మంటే, "నాకెందుకమ్మా" అంటూనే వచ్చింది. నాన్న దిగి ముందు సీటు ఖాళీ చేశాడు. ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుని కూర్చుని, తలుపు ఒక వేలితో తోసింది. టక్కున పడింది.

"ఈ చప్పుడికే నేను స్టవ్ మీద కాఫీ నీళ్ళు పెట్టేదాన్ని" అంది ఆవిడ.

కాలవ గట్టుదాకా వెళ్ళి వచ్చాం. దారికి రెండువైపులా కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకి ముగ్గురం తుమ్ముతూనే ఉన్నాం.