రెండున్నర కోట్ల రైడర్, మా ఇంటి ప్రోగ్రెస్ కార్డు



మీ ఇంట్లో ప్రో కబడ్డీ చూస్తారో లేదో గానీ, మా ఇంట్లో తెలుగు టైటాన్స్ ఆట ఉందంటే ఆ రాత్రి భోజనాలు టీవీ ముందే. పోయినేడాది అలా కూర్చున్నప్పుడే మా అబ్బాయికీ నాకూ ఒక వాదన వచ్చింది. కబడ్డీతో మొదలైన ఆ మాట చివరికి మా ఇంటి సంగతి దగ్గరకు వచ్చి ఆగింది. మీలో కొందరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

వాదన పవన్ సెహ్రావత్ గురించి. 2023 అక్టోబరు వేలంలో తెలుగు టైటాన్స్ ఆయన్ని 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొనుక్కుంది. ప్రో కబడ్డీలో అప్పటిదాకా ఎవరికీ అంత ధర పలకలేదు. దానికి కొద్ది రోజుల ముందే హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన దేశం జట్టుకు కెప్టెన్‌గా బంగారు పతకం గెలిచి వచ్చాడు. 2019లో ఒక్క మ్యాచ్‌లోనే 39 రైడ్ పాయింట్లు తెచ్చిన ఆటగాడు. అంతకు ముందు రెండు సీజన్లలో టైటాన్స్‌ది ఆఖరి స్థానం. ఇక కష్టాలు గట్టెక్కినట్టేనని మేమంతా సంబరపడ్డాం.

సీజన్ అయిపోయేసరికి టైటాన్స్ ఆడినవి 22 మ్యాచ్‌లు, గెలిచినవి రెండు. పన్నెండు జట్లలో మళ్లీ పన్నెండో స్థానమే.

"అంత డబ్బూ బూడిదలో పోసిన పన్నీరే" అన్నాను.

మావాడు అప్పుడు ఏడో తరగతి. ఒప్పుకోలేదు. "ఆయన రైడ్ పాయింట్లు రెండొందలు దాటాయి నాన్నా. మిగతావాళ్లు ఆడకపోతే ఆయనొక్కడూ ఏం చేస్తాడు?" అన్నాడు.

నేను మా ఊళ్లో సంక్రాంతికి చెడుగుడు చూస్తూ పెరిగినవాణ్ణి. వాడి మాటలో నిజముందని నాకూ తెలుసు. కూతకు వెళ్లిన రైడర్ పట్టుబడితే బయటికెళ్లి కూర్చోవాలి. తనంతట తాను లేచి రాలేడు. తన జట్టువాళ్లు అవతలి జట్టులో ఒకణ్ణి అవుట్ చేస్తేనే మళ్లీ లోపలికి వస్తాడు. అదీ ముందు అవుటైనవాడు ముందు వచ్చే వరసలోనే. అంటే డిఫెన్స్ అవతలివాణ్ణి పట్టలేకపోతే, తోటి రైడర్లు పాయింటు తేలేకపోతే, రెండున్నర కోట్ల ఆటగాడైనా గీత అవతల కూర్చుని చూడాల్సిందే. ఆ సీజన్‌లో పవన్‌ను అలా చాలాసార్లు చూశాం.

ఇంకో సంగతి కూడా మావాడే గుర్తుచేశాడు. 2022లో ఇదే పవన్‌ను తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు కొంది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. ఆయన లేకుండానే ఆ జట్టు తొలిసారి సెమీఫైనల్‌కు వెళ్లింది. ఆయన లేని జట్టు సెమీస్‌కు వెళ్లడం, ఆయన బాగా ఆడిన జట్టు అట్టడుగున మిగలడం చూస్తే, ధర ఒక్కటే ఆటను నడిపించదని ఒప్పుకోక తప్పదు.

"సరేలేరా" అని ఊరుకున్నాను. అక్కడితో అయిపోతే ఈ ఉత్తరం రాసే పనే లేదు.

ఆ వారంలోనే వాడి లెక్కల పేపరు వచ్చింది. 50కి 24. దుకాణం నుంచి అలసిపోయి వచ్చానేమో, పేపరు చూడగానే నోటికొచ్చింది అనేశాను. "నీ మీద ఎంత పెడుతున్నాను, నువ్వు తెస్తున్నదెంత?"

వాడు తల దించుకుని, "ఫీజు ఎంతో నేను చెప్పలేదు కదా నాన్నా" అన్నాడు.

ఎదురు చెప్పాడన్న కోపం ముందు వచ్చింది. ఆ రాత్రి పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. పవన్ గురించి వాడు అన్నదీ, తన గురించి అన్నదీ ఒక్క మాటే. వేలంలో ధర చెప్పింది ఆటగాడు కాదు. పోటీపడి పాట పెంచినవాళ్ల అవసరం అది. ఆ అంకెను పట్టుకుని, అంతకు తగ్గట్టు గెలిపించలేదని ఆయన మీద నిష్ఠూరం వేసింది మనం.

నాది కొబ్బరి వ్యాపారం. అంబాజీపేట మార్కెట్లో ఉన్నవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. తోటలో కాయ చూసి, మనమే ఒక అంచనాకు వచ్చి ధర మాట్లాడుకుంటాం. దింపు తీశాక కాయ తగ్గితే, "నా లెక్క తప్పింది" అనుకుంటాం. ఆ చెట్టుకు నీరు అందిందా, పురుగు పట్టిందా అని రైతును అడుగుతాం. చెట్టును తిట్టే వ్యాపారిని నేనింతవరకు చూడలేదు. కన్నకొడుకు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ ఇంగితం నాకు లేకపోయింది.

అలాగని పిల్లల్ని ఏమీ అడగకూడదని కాదండి. పవన్ ఆ జట్టుకు కెప్టెన్. ఓటమిలో ఆయన వాటా ఆయనకుంది. మావాడూ అంతే. బీజగణితం హోంవర్కు పది రోజులు దాటవేశాడని తర్వాత తెలిసింది. అందుకు మందలించాను, మందలించాలి కూడా. కానీ హోంవర్కు ఎందుకు చేయలేదని అడగడం వేరు, మా డబ్బుకు తగ్గట్టు నువ్వు లేవనడం వేరు. మొదటిదానికి పిల్లవాడు జవాబు చెప్పగలడు. రెండోదానికి వాడి దగ్గర జవాబు ఉండదు.

తర్వాతి పేరెంట్స్ మీటింగులో నేను ర్యాంకు అడగలేదు. "మావాడు ఎక్కడ ఆగిపోతున్నాడండీ?" అని లెక్కల టీచర్‌గారిని అడిగాను. రెండు నిమిషాల్లో చెప్పారు. ఆరో తరగతి భిన్నాల్లోనే తడబాటు ఉందట. దానివల్ల సమీకరణాల దగ్గర చేతులెత్తేస్తున్నాడట. రెండేళ్ల నాటి సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆ రోజు నుంచి దుకాణం అరగంట ముందు కట్టేసి వాడి పక్కన కూర్చుంటున్నాను. నాకు బీజగణితం రాదు గానీ, భిన్నాలు వచ్చు. వ్యాపారంలో రోజూ అదే పని.

టైటాన్స్ సంగతి కూడా చెప్పాలి. 2024 వేలంలో పవన్‌ను మళ్లీ తీసుకున్నారు. ఈసారి ధర 1 కోటి 72 లక్షల 50 వేలకు దిగింది. గాయం వల్ల ఆయన కొన్ని మ్యాచ్‌లు ఆడనేలేదు. విజయ్ మలిక్ లాంటివాళ్లు భారం పంచుకున్నారు. జట్టు 22లో 12 గెలిచి ఏడో స్థానంలో నిలిచింది. ఆ సీజన్‌లో ఆరు జట్లకే ప్లేఆఫ్స్ కాబట్టి ఒక్క మెట్టు దగ్గర ఆగింది. ధర తగ్గిన ఏడు జట్టు గెలిచింది. మరి పవన్ ఏ ఏడు నిరాశపరిచినట్టు? నేనూ మావాడూ ఇప్పటికీ వాదించుకుంటున్నాం. నా ఓటు మాత్రం మావాడి వైపు మారిపోయింది.

మావాడికి మొన్నటి పరీక్షలో 50కి 31 వచ్చాయి. ర్యాంకు పెద్దగా మారలేదు. అయితే ఇదివరకు పేపరును బ్యాగు అడుగున దాచి, సంతకం పెట్టాల్సిన రోజు పొద్దున తీసేవాడు. ఈసారి వచ్చిన సాయంత్రమే దుకాణానికి తెచ్చి, తప్పు చేసిన లెక్క చూపించి, "ఇది ఇవాళ చూద్దాం నాన్నా" అన్నాడు.

వచ్చే మీటింగుకు వెళ్లినప్పుడు మీరు కూడా ఆ ఒక్క ప్రశ్న అడిగి చూడండి. "మావాడు ఎక్కడ ఆగిపోతున్నాడు?"

— ఎనిమిదో తరగతి విద్యార్థి తండ్రి, అంబాజీపేట