తీరమున అభయము

ఓరుగల్లువారమైన మాకు సముద్రము పుస్తకములలోని వస్తువు. పాకాల, రామప్ప, లక్నవరము చెరువులను చూచి పెరిగినవారము. ఆవలిగట్టు కానరాని నీటిని కావ్యవర్ణనములయందే యెఱుగుదుము. 2014లో రాష్ట్రము వేఱుపడిన పిదప తెలంగాణమునకు తీరమే లేకపోయినది. అయినను సముద్రముతో ఈ నగరమునకు గల సంబంధము చిన్నది కాదు.

నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి కాకతీయుల రేవుపట్టణము. 1244లో గణపతిదేవ చక్రవర్తి అచ్చట నొక శాసనము వేయించెను. అంతకుముందు గాలివానచే దెబ్బతిని ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకునంతయు రాజులు బలాత్కారముగా గైకొనుచుండిరి. చక్రవర్తి ఆ దురాచారమును మాన్పి, నిర్ణీతమైన సుంకము తప్ప మఱేమియు తీసికొనమని వర్తకులకు మాటయిచ్చెను. కనుకనే దానిని అభయశాసనమందురు. తరువాతి కాలమున మార్కోపోలో ఈ రాజ్యమును ముట్ఫిలి యని పేర్కొని, ఇచ్చటి సన్నని వస్త్రములను, రాణియొక్క న్యాయపాలనమును ప్రశంసించెను. ఆ రాణి రుద్రమదేవియే యని చరిత్రకారుల యభిప్రాయము.

ఇట్టి చరిత్రగల నగరమున, గత మాఘమాసమున మేము మూడు కుటుంబములవారము సముద్రతీరమున ఒక రాత్రి డేరాలు వేసికొని గడపుదమని నిశ్చయించగా ఎన్ని యాక్షేపణలు బయలుదేఱినవో చెప్పజాలను. పర్వదినము కానినాడు సముద్రమును తాకరాదని ఒకరు. ఈడువచ్చిన ఆడపిల్లలను ఆరుబయట పరుండబెట్టుట మర్యాద కాదని మఱియొకరు. అఱువదియేడేండ్ల మా చిన్నమ్మకు, అందులోను భర్తలేని మనిషికి, ఈ విహారమెందులకని ఇంకొకరు. మగపిల్లలు వచ్చుటను మాత్రము ఎవ్వరును ఆక్షేపింపలేదు! స్త్రీ రాజ్యమేలిన పట్టణమున ఆడపిల్ల ఇసుకపై నొక రాత్రి నిద్రించుట ఇంత వింతయైనది.

కాజీపేటలో రైలెక్కి బెజవాడ, తెనాలి మీదుగా బాపట్ల చేరి, అచ్చటినుండి సూర్యలంక వైపు పోయితిమి. నీటికి చాల ఎగువగా, ఒక రైతు సరుగుడుతోపులో, ఆతని యనుమతితో డేరాలు వేసితిమి. సాయంకాలమున చిన్నమ్మ చీరకుచ్చెళ్ళు పట్టుకొని మోకాలిలోతు నీటిలో నిలువబడినది. "ఈనాడు పర్వము కాదుగదా, చిన్నమ్మా?" అని పరిహాసమాడితిని. "తల్లి ఒడిల కూసునేటందుకు తిథివారాలు చూస్తరారా?" అన్నది. నేను చదివిన ధర్మశాస్త్రములలో దీనికి సమాధానము లేదు.

అచ్చటి పల్లెకారులలో నొక వృద్ధుడు మా పిల్లలకు ఒక గొప్ప పాఠము చెప్పెను. తెల్లని నురుగుతో అలలు విఱుగుచున్న చోట్ల నడుమ, అలలు విఱుగక నిశ్చలముగా కానవచ్చు సందు ఉండును. తెలియనివారు అదియే క్షేమమని దిగుదురు. ఒడ్డునకు వచ్చిన నీరంతయు ఆ సందుగుండనే లోనికి మరలును, మనుష్యుని ఈడ్చుకొనిపోవును. అట్టి ప్రవాహమున చిక్కినవాడు దానికెదురీదక, ఒడ్డునకు సమాంతరముగా ఈది తప్పించుకొనవలెను. ఈ రెండు వాక్యములను మన పాఠ్యపుస్తకములలో చేర్చినయెడల ఎందఱు తల్లులకు గర్భశోకము తప్పునో!

ఆ ఋతువుననే ఆలివ్ రిడ్లే జాతి తాబేళ్ళు రాత్రులయందు ఈ తీరమునకు వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్క తల్లి నూఱింటికి అటునిటు పెట్టును; దాదాపు ఏబది దినములకు పిల్లలు వెలువడి, వెలుగున్న దిక్కే సముద్రమని తలచి నడచును. మన దీపములు వాటిని తప్పుదారి పట్టించును. కావున రాత్రి దీపములన్నియు ఆర్పివేసితిమి. చీకటికి భయపడుదురనుకొన్న ఆడపిల్లలే నక్షత్రములను గుర్తించుచు చాలసేపు మేల్కొని యుండిరి.

ఇక చెప్పక తప్పని విషయమొకటి కలదు. మా ప్రయాణమున చూచిన యొక తీరమున వందలకొలది జనులు కూడియున్నను స్త్రీలకు మఱుగుదొడ్డి సరియైనది ఒక్కటియు లేదు. మా యింటి స్త్రీలు ఉదయమునుండి దాహము చంపుకొని చీకటికై వేచియుండిరి. పురుషులమైన మాకు అది విహారము, వారికి ఉపవాసము. ఆడువారిని తీరమునకు దూరముచేయుచున్నది శాస్త్రమొక్కటే కాదు, మన యుపేక్ష కూడ.

సముద్రతీరము ఎవ్వరును నాటకయే వెలసిన ఉద్యానము. 1991లో కేంద్రప్రభుత్వము తీరప్రాంతమున కట్టడములను నియంత్రించుచు ప్రకటన గావించినది. అది మేలే. కాని కట్టడములను ఆపినంతమాత్రమున తీరము ప్రజలది కాజాలదు. మంచినీరు, మఱుగుదొడ్లు, ఈతగాండ్రైన రక్షకులు, అపాయస్థలములను తెలుపు జెండాలు ఉండవలెను. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో దివిసీమయందు వేలకొలది ప్రాణములు పోయినవి గనుక, తుపానుల కాలమున ఎవ్వరును అచ్చట బసచేయకుండ కట్టడి ఉండవలెను. వచ్చినవారు తాము తెచ్చిన చెత్తను తామే తీసికొనిపోవలెను.

మెట్టప్రాంతపు ప్రతి పాఠశాలయు తన బాలబాలికలను, బాలురను మాత్రమే కాక బాలికలను గూడ, ఒక్కసారియైన సముద్రమువద్దకు కొనిపోవుట విద్యలో భాగమని నా యభిప్రాయము. దూరదేశమునుండి వచ్చిన అపరిచితునికి ఒడ్డున భయము ఉండరాదని ఏడువందల ఎనుబది యేండ్లకు పూర్వము మన రాజు ఱాతిపై చెక్కించెను. మన యింటి యాడుబిడ్డకు, వృద్ధురాలికి, అర్ధరాత్రమున ఒడ్డుకు వచ్చు మూగజీవికి ఆ అభయమునే ఇచ్చుట మనకు అసాధ్యము కాకూడదు.