పరేల్‌లో పూట అన్నం

ఆసుపత్రి పనిమీద సోలాపూర్ నుంచి బొంబాయి పోయే మనవాళ్ళు ముందు డాక్టరు గురించి అడుగుతారు, తర్వాత ఉండే చోటు గురించి అడుగుతారు. తిండి సంగతి ఎవరూ అడగరు. "ఏదో ఒకటి తింటాంలే" అంటారు. పేషంటుకు వేళకు అన్నీ చూసి, తోడు పోయినవాళ్ళు మాత్రం పది రోజులు వడాపావ్ మీద గడిపేస్తారు. పోయినేడు వానాకాలంలో రిపోర్టుల లైనులో నా ముందు నిలబడ్డ ఒక భివండీ ఆడమనిషి, మనవాళ్ళే, కళ్ళు తిరిగి కూలబడింది. రెండు రోజులుగా చాయ్, బిస్కిట్లే తిన్నదట. ఆమె భర్త వార్డులో ఉన్నాడు. ఆమె కూడా పడితే ఆయన్ని చూసేదెవరు?

మా అత్తమ్మ ట్రీట్‌మెంట్‌కు ఏడాదిలో ఆరుసార్లు పోయొచ్చాం. సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ తెల్లారేసరికి దాదర్‌లో దించుతుంది. అక్కడి నుంచి పరేల్ ఒక్క స్టేషనే. ఆసుపత్రుల ముందు తిండికేం కరువు లేదు. వడాపావ్ బండ్లు, అరటిపళ్ళు, చైనీస్ అని ఎర్రబోర్డు పెట్టినవి వరసగా ఉంటాయి. వడాపావ్‌ను నేను తిట్టను. 1966లో దాదర్ స్టేషన్ బయట అశోక్ వైద్య అనే ఆయన మొదలుపెట్టాడంటారు. షిఫ్టుకు ఉరికే మిల్లు కార్మికుడి చేతిలో ఇమిడిన తిండి అది. ఒక పూటకు బాగుంటుంది, పది రోజులకు కాదు.

మంచి అన్నం దొరికే చోటు బోర్డు చూస్తే తెలియదు. మధ్యాహ్నం ఒంటిగంటకు లోపల ఎవరు కూర్చున్నారో చూడాలి. వార్డుబాయ్‌లు, టాక్సీవాళ్ళు, బస్సు కండక్టర్లు ఉన్నారంటే ధైర్యంగా పోవచ్చు, రోజూ తినేవాళ్ళు చెడ్డ తిండిని వారం కూడా భరించరు. ఇంకొకటి, రెండున్నరకు "సంపలం" అని చెప్పే చోటు మంచిది. ఏ వేళకు పోయినా అన్నీ ఉన్నాయనే చోట నిన్నటివీ ఉంటాయి. అడిగేటప్పుడు "మంచి హోటల్ ఎక్కడ?" అనకండి. అట్లా అడిగితే ఏసీ ఉన్నది చూపిస్తారు. "తుమ్హీ కుఠే జేవతా?" అని అడగండి.

నేను ఒక ఆయాను అట్లాగే అడిగితే, నా చెయ్యి పట్టుకొని వెనక సందులోకి తీసుకుపోయింది. పాత చాళీలో కింది గది. బోర్డు లేదు. ఆరు స్టూళ్ళు, గుమ్మం పక్కన చేతులు కడుక్కునే డ్రమ్ము. వంట చేసేదీ వడ్డించేదీ ఒక్క మావశే. స్టీలు పళ్ళెంలో జొన్న భాకరీ లేదా మూడు చపాతీలు, మొలకెత్తిన మటకీ ఉసళ్, ఆమటీ, అన్నం. బుధవారం, శుక్రవారం బాంగడా చేప. థాలీ 80 రూపాయలు. అన్నం రెండోసారి అడగకముందే వేస్తుంది. భాకరీ మన ఇంట్లోదంత పల్చగా ఉండదు గానీ పొయ్యి మీది నుంచి నేరుగా పళ్ళెంలోకి వస్తుంది. నాలుగు రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను, ఆ పూట.

డబ్బా ముందు పెట్టగానే "పేషంటుకా తాయీ?" అని అడిగింది. అత్తమ్మకు పచ్చివి, కారం, బయటి నీళ్ళు వద్దన్నారు. మావశి ఉత్త పప్పు తీసి విడిగా పోపు లేకుండా మెత్తగా వరణ్-భాత్ కలిపి, పైన చెంచాడు నెయ్యి వేసింది. దానికి సగమే తీసుకున్నది. ఆ మర్నాటి నుంచి "ఆజీ డబ్బా" విడిగా మూతపెట్టి ఉండేది. నోరంతా పుండ్లై గంజి కూడా వద్దన్న మనిషి, ఆ అన్నం నాలుగు ముద్దలు తిన్నది.

ఇట్లాంటి ఖానావళులు ఈ గిరణ్‌గావ్‌లో గదిగదికీ ఉండేవట. కొంకణం నుంచి, ఘాట్ నుంచి, మన కరీంనగరం, నల్లగొండ దిక్కు నుంచి మగవాళ్ళు ఒంటరిగా మిల్లుకు వచ్చేవారు. చాళీలో ఆడవాళ్ళు వాళ్ళకు రెండు పూటలా వండిపెట్టి నెలకు లెక్క తీసుకునేవారు. వడ్డీవాళ్ళ చేతిలో చిక్కిన ఈ ఆడవాళ్ళనే కూడగట్టి ప్రేమా పురవ్ 1975లో అన్నపూర్ణ మహిళా మండల్ పెట్టి, బ్యాంకు అప్పులు ఇప్పించారు. మా చిన్నమామయ్య వర్లీలో సాంచా మీద ఉన్నప్పుడు తిన్నది అట్లాంటి చోటే. 1982 జనవరి 18న సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది జీతం ఆగింది. జీతం ఆగితే ఖానావళి లెక్కా ఆగుతుంది కదా! దీని గురించి ఎవరూ ఎక్కువ రాయలేదెందుకో. మావశి వాళ్ళత్త నలభైమందికి వండేదట. ఊళ్ళకు పోయినవాళ్ళ బాకీల నోటుబుక్కు ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉందట. "చించలేదా?" అంటే, "పేర్లు ఉన్నాయి కదా" అన్నది.

ఇప్పుడు ఫీనిక్స్ మిల్లు మాల్ అయింది, కమలా మిల్స్‌లో ఆఫీసులు, పెద్ద పెద్ద రెస్టారెంట్లు. అక్కడి ఒక కాఫీ డబ్బులతో అత్తమ్మ డబ్బా, నా థాలీ రెండు పూటలకు వచ్చేస్తాయి.

పొద్దున్నే అయితే ఇరానీ హోటల్‌లో బ్రున్ మస్కా, చాయ్ చాలు. రిపోర్టు మంచిగా వచ్చిన రోజు మాత్రం లోకల్ ఎక్కి మాటుంగా పోయి, స్టేషన్ దగ్గర మేడమీది రామా నాయక్ ఉడిపి బోర్డింగ్‌లో తిన్నాం. 1942 నుంచి ఉన్నది. అరిటాకు, రసం, మజ్జిగ. సాంబారు మన నోటికి తియ్యన. అత్తమ్మ రసం మాత్రం రెండుసార్లు అడిగి పోయించుకున్నది.

మావశి చాళీ కూడా పడగొట్టి కడతారని మాట నడుస్తున్నది. ఎప్పుడో ఆమెకూ తెలియదు. పోయేవాళ్ళు ఒంటిగంటకు ముందే పోండి, డబ్బా మీదే తీసుకుపోండి, ఆదివారం ఉండదు. సందు పేరు రాయట్లేదు, ఆరు స్టూళ్ళే కదా. ఏ ఆయానైనా అడిగితే అక్కడికో, అట్లాంటి ఇంకో చోటికో తీసుకుపోతుంది. మా చెకప్ వచ్చే నెల ఉన్నది. మావశికి మన శేంగా చట్నీ అంటే ప్రాణం, ఈసారి అరకిలో దంచి కట్టాలి.