ఇరవై ఆరో నంబరు తీగ

హేతువాదినంటావు, పొగాకు మాన్పించాలంటావు, మళ్ళీ లెస్టర్ వెళ్ళి మేనల్లుడికి వేప్ కాయిల్ తీగ గురించి పాఠం చెప్పొచ్చావటగదా అని మన మిత్రులు ఇద్దరు ముగ్గురు అడిగారు. అందులో ఒకాయన కాస్త ఎగతాళిగానే అడిగారు. నోటిమాటగా చెప్తే సగం చెప్పి సగం మింగినట్టుంటుంది గనక, ఇక్కడ వివరంగా రాస్తున్నాను. చదివాక తిట్టేవాళ్ళు తిట్టొచ్చు.

ముందు చట్టం సంగతి. మన దేశంలో ఎలక్ట్రానిక్ సిగరెట్లు నిషిద్ధం. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చారు, ఆ ఏడాది డిసెంబరులో అది చట్టమయింది. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, నిల్వ అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. నిల్వకి ఆరు నెలలు, యాభై వేలు. సిగరెట్టు, బీడీ మాత్రం ఏ బడ్డీకొట్టులోనైనా దొరుకుతాయి. ఇందులో ఉన్న తర్కం గురించి వేరే వ్యాసం రాయాలి. ఇక్కడ నేను చెప్పేది బ్రిటన్ సంగతి. అక్కడ పెద్దవాళ్ళు కొనుక్కోవడం చట్టబద్ధమే. లీటరులో వెయ్యో వంతుకి, అంటే ఒక మిల్లీలీటరుకి, 20 మిల్లీగ్రాముల నికోటిన్ మించకూడదని పరిమితి ఉంది. వాడి పారేసే రకాన్ని మాత్రం 2025 జూన్ 1 నుంచి నిషేధించారు.

రెండోది ఇంటి సంగతి. మా బావ, అంటే ఈ మేనల్లుడి నాన్న, రోజుకి రెండు పెట్టెలు కాల్చేవాడు. ఊపిరితిత్తుల క్యాన్సరుతో యాభై ఎనిమిదో ఏట పోయాడు. నాన్నకి కొరివి పెట్టిన కుర్రాడు ఏడాది తిరక్కుండానే తనూ సిగరెట్టు పట్టాడు. దాదాపు పదేళ్ళు కాల్చి, చివరికి వేప్‌తో మానుకున్నాడు. మానుకున్నాడు అన్నమాట నిజమే. సిగరెట్టు ముట్టి నాలుగేళ్ళయింది. వాడి అమ్మకి మాత్రం కొడుకు నోట్లోంచి పొగలాంటిది వస్తే చాలు, మొగుడే గుర్తొస్తాడు. "అన్నయ్యా, నువ్వు సైన్సు చదువుకున్నావుగా, ఇది మంచిదో చెడ్డదో ఒక్క ముక్కలో చెప్పు" అని నన్ను పంపించింది.

వెళ్ళి చూస్తే వాడు కాయిల్ కొనడం లేదు, సొంతంగా చుట్టుకుంటున్నాడు. బల్ల మీద చిన్న చిన్న తీగ చుట్టలు, పత్తి, పట్టకారు, మూడు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు. అంతా మన వైండింగ్ షాపు వాతావరణమే. నన్ను చూడగానే వాడడిగిన మొదటి ప్రశ్న: "మావయ్యా, నువ్వు ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పావు కదా, ఈ తీగ నాతో ఎందుకు అబద్ధమాడుతోంది?"

విషయమేమిటంటే, వాడి స్నేహితుడొకడు ఇండియా నుంచి వస్తూ చవగ్గా ఉందని నిక్రోమ్ తీగ చుట్ట తెచ్చిచ్చాడు. పైన "26" అని రాసి ఉంది. వాడు ఫోనులోని లెక్కల ప్రోగ్రాములో 26 గేజి, నిక్రోమ్, మూడు మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, ఆరు చుట్లు అని కొడితే 0.63 ఓమ్ అని వచ్చింది. చుట్టి మీటరు పెడితే 0.50. మూడుసార్లు చుట్టాడు, మూడుసార్లూ అంతే. తెలిసినవాళ్ళని అడిగాడట. ఒకడు మీటరు పాడయిందన్నాడు, ఇంకొకడు ఇండియా తీగ కల్తీ అన్నాడు, మూడోవాడు తీగని ముందు ఎర్రగా కాల్చితే "సర్దుకుంటుంది" అన్నాడు. మూడు వివరణలూ వినడానికి బాగానే ఉన్నాయి. ముగ్గురిలో ఒక్కడూ తీగ మందం కొలవమనలేదు.

నేను మర్నాడు వెళ్ళి ఒక స్క్రూగేజి కొని తెచ్చాను. కొలిస్తే 0.46 మిల్లీమీటర్లు. అక్కడితో కల్తీ కథ అయిపోయింది. గేజి నంబర్లు ఒకటి కాదు, రెండు రకాలు. అమెరికా పద్ధతిలో 26 నంబరు అంటే 0.405 మిల్లీమీటర్లు. పాత బ్రిటిష్ పద్ధతి, అంటే మన వైండింగ్ షాపుల్లో ఇప్పటికీ నడిచే ఎస్‌డబ్ల్యూజీలో, 26 నంబరు అంటే 0.457. ఆ ప్రోగ్రాము అమెరికా లెక్కన అడుగుతోంది, చుట్ట మీద రాసింది మన లెక్క. బ్రిటన్‌లో పుట్టిన కొలత గుంటూరులో బతికుంది, బ్రిటన్‌లో ఉన్న మావాడు అమెరికా కొలత వాడుతున్నాడు. తీగ అబద్ధమాడలేదు.

"పోనీలే మావయ్యా, 0.13 ఓమ్ తేడాకే ఇంత రాద్ధాంతమా" అన్నాడు. రాద్ధాంతం చెయ్యాల్సిన చోటే అది. వాడి దగ్గరున్న గొట్టంలో ఏ సర్క్యూటూ లేదు. బటన్ నొక్కితే బ్యాటరీ నేరుగా కాయిల్‌కి కలుస్తుంది, అంతే. నిండా ఛార్జి ఉన్న సెల్లు 4.2 వోల్టులు. 0.63 ఓమ్ అయితే 6.7 ఆంపియర్లు, 28 వాట్లు. 0.50 అయితే 8.4 ఆంపియర్లు, 35 వాట్లు. అంటే అదే నంబరు, అవే చుట్లు, వేడి మాత్రం పావు వంతు ఎక్కువ. ఇక్కడ సెల్లు తట్టుకుంటుంది. కానీ పొగ దట్టంగా రావాలని 0.15 ఓమ్‌కి చుట్టే కుర్రాళ్ళున్నారు. అప్పుడు 28 ఆంపియర్లు. మంచి సెల్లే 20 ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. పైన 40 అని అచ్చేసి అమ్మే సెల్లులున్నాయి, ఆ 40 ఆ కాగితం మీదే ఉంటుంది. ఓమ్ సూత్రం 1827 నాటిది. దాన్ని మొహమాటపెట్టడం ఎవరివల్లా కాదు.

మన హాస్టళ్ళలో హీటరు పొయ్యి వాడినవాళ్ళకి ఈ సంగతి అనుభవమే. కాయిల్ తెగితే కాలిన కొస తుంచేసి మెలిపెట్టి కలిపేవాళ్ళం. పొయ్యి మునుపటికన్నా ఎర్రగా వెలిగేది, "బాగుపడిందిరా" అని సంబరపడేవాళ్ళం, నాలుగు రోజులకి మళ్ళీ తెగేది. వెయ్యి వాట్ల కాయిల్‌కి 230 వోల్టుల దగ్గర సుమారు 53 ఓమ్‌లు. పదో వంతు తుంచేస్తే 1100 వాట్లు దాటుతుంది, పైగా ఆ వేడి పోవడానికి తీగ కూడా తగ్గింది. మళ్ళీ తెగడంలో వింతేముంది?

ఇక ఏ తీగ మంచిదన్న ప్రశ్న. ఇక్కడే మూఢనమ్మకాలు ఎక్కువ. ముఖ్యంగా మూడు రకాలు నడుస్తున్నాయి. నిక్రోమ్‌లో 80 పాళ్ళు నికెల్, 20 పాళ్ళు క్రోమియం. అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్‌కి 1906లో దానికి పేటెంటు వచ్చింది, టోస్టర్లు, ఇస్త్రీపెట్టెలు ఇంటింటికీ రావడానికి అదే కారణం. కాంతల్ ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన మిశ్రమం. 1920లలో స్వీడన్‌లో హాన్స్ ఫన్ కాంట్జో తయారుచేశాడు. ఆయన పేరులో ముక్క, హాల్‌స్టాహమ్మర్ అనే ఊరిపేరులో ముక్క కలిపి కాంతల్ అయింది. మూడోది 316 ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు. ఒకే మందం, ఒకే పొడవు తీసుకుంటే కాంతల్ నిరోధం ఎక్కువ, నిక్రోమ్ తర్వాత, స్టీలు అందులో సుమారు సగం. 0.4 మిల్లీమీటర్ల తీగ మీటరుకి కాంతల్ పదకొండున్నర ఓమ్‌లు, నిక్రోమ్ ఎనిమిదిన్నర పైన, స్టీలు ఆరు. వైండింగ్ షాపులో మోటార్లకి వాడే రాగితీగ దీనికి పనికిరాదు. దాని నిరోధం వీటితో పోలిస్తే లేనట్టే, పైగా దానిమీద ఎనామిల్ పూత ఉంటుంది.

మావాడు ఖరీదెక్కువ పెట్టి స్టీలు తీగ కూడా కొన్నాడు. ఎందుకురా అంటే, "సర్జికల్ స్టీలు మావయ్యా, ఒంట్లో పెట్టేదే" అన్నాడు. ఎముకకి బిగించిన స్టీలు 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇది రోజుకి కొన్ని వందలసార్లు 200 డిగ్రీలు దాటి వేడెక్కి చల్లారుతుంది. మొదటిదాంట్లో నెగ్గినంత మాత్రాన రెండోదాంట్లో నెగ్గినట్టు ఎలా? "సర్జికల్" అన్నమాట అక్కడ చేస్తున్న పని, మనదగ్గర సీసా మీద "ప్రాచీన" అన్నమాట చేసే పనే. ఇంకో సంగతి. గడియారం పట్టీకో చెవిపోగుకో దద్దుర్లు వచ్చేవాళ్ళకి నికెల్ పడదు. నిక్రోమ్ నిండా నికెలే. 316 ఎల్ స్టీల్లో కూడా నూటికి 10 నుంచి 14 పాళ్ళు ఉంటుంది. లేనిది కాంతల్‌లోనే, అదే చవక.

తీగని సిద్ధం చెయ్యడంలో మంత్రమేమీ లేదు. తీగ లాగేటప్పుడు వాడిన జిడ్డు, చేతి మురికి దానిమీద ఉంటాయి. సబ్బునీళ్ళతోనో ఆల్కహాలుతోనో తుడిచి ఆరబెట్టాలి. మెలికలు లేకుండా సాగదీసి, బిట్టు మీద చుట్టి, స్క్రూలు గట్టిగా బిగించి, మీటరుతో చూడాలి. పత్తి పెట్టకముందు తక్కువ శక్తితో క్షణం క్షణం వెలిగించి చూస్తే, ఎక్కడైనా ఒకచోటే ఎర్రబడుతోందా, మధ్య నుంచి అంచులకి సమంగా వస్తోందా అన్నది తెలుస్తుంది. ఒకచోటే ఎర్రబడితే చుట్లు సర్దాలి. కాంతల్ మీద అల్యూమినియం ఆక్సైడు పొర, నిక్రోమ్ మీద క్రోమియం ఆక్సైడు పొర ఏర్పడతాయి. తీగ తొందరగా కాలిపోకుండా కాపాడేది ఆ పొరే. మసి వదలాలని వారం వారం తెల్లగా మండేలా కాల్చడం వేరే సంగతి. దాన్ని నేను వద్దన్నాను. నీళ్ళతో కడుక్కో, లేదా తీసేసి కొత్తది చుట్టుకో, తీగ ఖరీదెంతని? ఉష్ణోగ్రత నియంత్రణ కోసం వాడే శుద్ధ నికెల్, టైటానియం తీగల్ని అసలు ఎర్రగా కాల్చకూడదు.

పొర కాపాడుతుందని అంటే లోహం ఊపిరిలోకి రాదని కాదు. 2018లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 56 మంది రోజువారీ వాడకందార్ల పరికరాలు పరీక్షించారు. సీసాలోని ద్రవంలో లోహాలు తక్కువ. అదే ద్రవం కాయిల్‌ని తాకి ఆవిరయ్యాక క్రోమియం, నికెల్, సీసం వంటివి పెరిగాయి. ఇది చదివించాక మావాడు కాసేపు మాట్లాడలేదు.

నేను రెండో వైపు కూడా చదివించాను. 2015లో ఒక అమెరికా వైద్యపత్రికలో ఫార్మాల్డిహైడ్ గురించి ఉత్తరం వచ్చింది. 5 వోల్టుల దగ్గర అది బాగా పుట్టింది, 3.3 దగ్గర కనపడలేదు. పేపర్లు మొదటి సగమే రాశాయి. ద్రవం తడి ఉన్నంతసేపు తీగ వేడి అదుపులో ఉంటుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గర, గ్లిసరిన్ 290 దగ్గర మరుగుతాయి గనక. పత్తి ఎండితే ఆ అడ్డు పోతుంది, గొంతు మండుతుంది. అలాగే, వేప్ సిగరెట్టు కన్నా 95 శాతం తక్కువ హానికరం అన్న బ్రిటిష్ అంకె. మావాడికి అది వేదం. అది ప్రయోగశాలలో కొలిచింది కాదు, 2014లో అచ్చయిన ఒక నిపుణుల బృందం అంచనా మీద ఎక్కువగా ఆధారపడింది. నిపుణుల అంచనాకి విలువ లేదనను. కానీ 0.46 మిల్లీమీటర్లు అన్న అంకె, 95 శాతం అన్న అంకె ఒకే జాతివి కావు.

సిగరెట్టు మాన్పించడంలో నికోటిన్ ఉన్న వేప్, నికోటిన్ బిళ్ళలకన్నా పట్టీలకన్నా బాగా పనిచేస్తుందని కోక్రేన్ సమీక్ష 2022 నుంచీ గట్టిగానే చెప్తోంది. ముప్పై ఏళ్ళు పీలిస్తే ఏమవుతుందో కొలవడానికి ముప్పై ఏళ్ళు కావాలి. ఈ వస్తువు మార్కెట్లోకి వచ్చి అన్నేళ్ళు కాలేదు.

మిత్రుల అభ్యంతరం ఏమిటంటే, చెడ్డపని చేసేవాడికి దాన్ని సరిగ్గా చెయ్యడం నేర్పకూడదని. "మానెయ్" అని నేనొక్కమాట అని వచ్చేస్తే నా చేతులు శుభ్రంగా ఉండేవి. వాడు నేను వెళ్ళాక అదే గొట్టం, అదే తీగ, అదే తప్పు లెక్కతో పీల్చేవాడు. వాళ్ళ నాన్నకి ఊళ్ళో అందరూ మానెయ్యమనే చెప్పారు, నాతో సహా. ఎవరి మాటా పనిచెయ్యలేదు. వీడు అడిగింది ఉపదేశం కాదు, తీగ ఎందుకు తేడాగా ఉందని. ప్రశ్నకి జవాబు చెప్పినవాడి మాటే తర్వాత వింటారని నా అనుభవం. సర్క్యూటు లేని గొట్టం పక్కన పెట్టేశాడు. కాంతల్ తీగ, తక్కువ వాట్లు, తడి ఆరని పత్తి అన్న చోటికి వచ్చాడు. నికోటిన్ సంగతి ఆ తర్వాత వాడే ఎత్తాడు.

వచ్చాక మా చెల్లెలికి చెప్పాను. సిగరెట్టు కన్నా చాలా తక్కువ చెడ్డది, మామూలు గాలికన్నా చెడ్డది, ఎంత చెడ్డదో అంకెవేసి చెప్పేవాళ్ళు ఇంకా లేరు అని. "ఇంత చదివి ఇంతేనా అన్నయ్యా?" అంది. ఇంతేనమ్మా అన్నాను. ఆవిడకి నచ్చలేదు. కొడుకు పూర్తిగా మానేశాడని వినాలని ఆవిడ ఆశ. ప్రస్తుతానికి వాడు 12 మిల్లీగ్రాముల నుంచి 6కి దిగాడు. వచ్చే ఏడాది 3 అంటున్నాడు.