సగం దారిలో లెక్క

మన కాలేజీలో క్రికెట్ గురించి అడక్కుండానే చెప్పేవాళ్ళు వందమంది ఉన్నారు. బేస్‌బాల్ పేరెత్తితే మాత్రం "అదేమిట్రా బాబూ!" అంటారు. నాకు మాత్రం ఆ ఆటంటే సరదా. అమెరికాలో మేజర్ లీగ్ జట్టు ఒక సీజన్‌లో 162 ఆటలు ఆడుతుంది. 81 కాగానే అందరూ లెక్కలు తీస్తారు, ఇక వీళ్ళ గతి ఏమిటని.

వాషింగ్టన్ నేషనల్స్ జట్టునే చూడండి. 2005లో మొదటి 81 ఆటల్లో 50 గెలిచారు. అభిమానులకు పండగే! కానీ వాటిల్లో చాలా గెలుపులు ఒక్క పరుగు తేడాతో గట్టెక్కినవి. ఆ అదృష్టం నిలవలేదు. తక్కిన సగంలో 31 మాత్రమే గెలిచి, తమ విభాగంలో అట్టడుగుకు చేరారు.

అదే జట్టు 2019లో మొదటి 50 ఆటల్లో 31 ఓడింది. ముఖ్యమైన ఆటగాడు ట్రే టర్నర్ వేలు విరిగి వారాల తరబడి కూర్చున్నాడు. మేనేజర్ డేవీ మార్టినెజ్‌ని తీసెయ్యమన్నారు కొందరు. తీసెయ్యలేదు. టర్నర్ తిరిగొచ్చాడు, జట్టు కోలుకుంది. ఆ ఏడు వరల్డ్ సిరీస్ వాళ్ళదే!

మొదటి సెమిస్టర్ మార్కులు చూసి మా రూమ్మేట్ పెట్టె సర్దుకుంటే ఈ రెండు కథలూ చెప్పాను. సగంలో లెక్క చూసుకోవలసిందే. అయితే ఎన్ని పోయాయో లెక్కపెట్టాక, ఎందుకు పోయాయో కూడా అడగాలి. వాడు తెలుగు మీడియం నుంచి వచ్చాడు. ఇంగ్లీషులో పాఠం అందలేదు. అది నయమయ్యే దెబ్బే. ఇప్పుడు రోజూ రాత్రి ఇద్దరం కలిసి చదువుతున్నాం. ఫలితం మాటంటారా, ఇంకా సగం సీజన్ ఉంది!