హాషియా మీద హాషియా

మా ఉర్దూ మీడియం బడిలో కాపీ తెరవగానే ఉస్తాద్ సాబ్ మొదటి మాట "హాషియా ఖీంచో!" పేజీ పక్కన స్కేలు పెట్టి గీత గీయాలి. గీత అవతల మేం రాయకూడదు, అది ఆయన ఎర్ర సిరాకి వదిలిన జాగా. మౌల్వీ సాబ్ దగ్గరి పాత కితాబుల్లోనైతే నడుమ మతన్, చుట్టూ హాషియా, ఒక్కోచోట హాషియా మీద ఇంకో హాషియా.

మొన్న వెలిమెలలో ఇషా తర్వాత మా పెద్దమ్మాయి లాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చుంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల కాంట్రాక్ట్ లేబర్‌కి తన్ఖా చీటీలు చూపించే సాఫ్ట్‌వేర్ రాస్తోంది. జావా, పైన స్ప్రింగ్.

"అబ్బా, నా అనొటేషన్ పనిచేస్తలేదు."

అనొటేషన్ అంటే హాషియానే అని అడిగి తెలుసుకున్నా. ఫంక్షన్ నెత్తిన @ గుర్తుతో ఒక మాట రాస్తే, స్ప్రింగ్ అది చదివి నడుచుకుంటుంది. నాలుగైదు కలిపి సొంతంగా ఒకటి కట్టుకోవచ్చు కూడా. స్ప్రింగ్ వాళ్లే 2013లో 4.0తో పాటు @రెస్ట్‌కంట్రోలర్ ఇచ్చారు. అందులో @కంట్రోలర్, @రెస్పాన్స్‌బాడీ రెండూ ఉంటాయి.

మా అమ్మాయి @హిసాబీ అని కట్టింది. (పేరు నాకు నచ్చింది.) లోపల @ప్రీఆథరైజ్: లెక్కల వాళ్లకే ఇజాజత్. ఇంతకుముందు ఆ షరతు పద్నాలుగు చోట్ల విడివిడిగా ఉండేది. రేపు ఖైదా మారితే పద్నాలుగూ దిద్దాలి, ఒక్కటి మరిచినా తలుపు తెరిచినట్టే. ఇప్పుడు ఒక్కచోట దిద్దితే చాలు.

కానీ మామూలు కూలీ పేరుతో లాగిన్ అయితే అందరి చీటీలూ కనబడుతున్నాయి! ఎర్రర్ లేదు, ఎర్ర గీత లేదు.

మా అబ్బా ఆ ఫ్యాక్టరీల్లోనే కాంట్రాక్ట్ పని చేశారు. తన్ఖా రోజున మున్షీ లైన్లో అందరి ముందూ చదివేవాడు: ఎవరికెంత, ఎవరు అడ్వాన్సు తీసుకున్నారు, ఎంత కోత. అబ్బా ఆ రోజు రాత్రి ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. అందుకే నాకు నిద్ర పట్టలేదు. ఆ మున్షీ గొంతే మళ్లీ ఈ స్క్రీన్లోంచి వినబడుతున్నట్టుంది.

అర్ధరాత్రి దాటాక దొరికింది. సొంత అనొటేషన్ కట్టినప్పుడు అది ఎంతసేపు బతకాలో కూడా రాయాలట: @రిటెన్షన్, విలువ రన్‌టైమ్. రాయకపోతే జావా దాన్ని క్లాస్ ఫైల్ వరకే ఉంచుతుంది, ప్రోగ్రాం నడిచేటప్పుడు వెతికితే కనబడదు. @ప్రీఆథరైజ్ నేరుగా రాసినప్పుడు ఈ తక్లీఫ్ లేదు, దానికి రన్‌టైమ్ ముందే రాసి ఉంది. మా అమ్మాయి పైన కప్పిన @హిసాబీకి లేదు. స్ప్రింగ్ చూసింది, హాషియా ఖాళీగా ఉంది, ఎవరినీ ఆపలేదు.

ఒక్క లైను చేర్చి, కూలీ లాగిన్‌తో మళ్లీ నొక్కింది. 403. ఇజాజత్ నహీ.

"అల్హమ్దులిల్లాహ్! ఇక పడుకో బేటీ" అన్నా.

"ఒక్కటే చూసిన అబ్బా. ఇంకా పదమూడు ఉన్నయ్."

చాయ్ పెట్టడానికి లేచా.