బందరు డాక్టరుగారి బ్యాంకు

కోకాకోలాను మొదట కలిపినవాడు మందులు తయారుచేసుకునే మనిషి! జాన్ పెంబర్టన్ అనే ఫార్మసిస్టు 1886లో అమెరికాలోని అట్లాంటాలో ఆ పానీయం చేస్తే, ఓ మందుల షాపులో గ్లాసు అయిదు సెంట్లకు అమ్మారట. ఈ సంగతి హాస్టల్లో చెబితే మావాళ్ళంతా నోళ్ళు తెరిచారు. "మరి ఆంధ్రా బ్యాంకు పెట్టిందెవరో చెప్పండి" అన్నాను. ఒక్కడూ పలకలేదు. నిజం చెప్పొద్దూ, అంతకు నెల ముందు నాకూ తెలీదు. ఊడ్పుల ముందు నాన్నకు అప్పు కాగితం నింపిపెడుతుంటే ఆయనే చెప్పాడు.

పెట్టింది ఒక డాక్టరు. మా ఘంటసాలకు దగ్గరి పట్నం బందరులో వైద్యం చేసిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు. 1923 నవంబరు 20న బ్యాంకును రిజిస్టరు చేయించి, 28న పని మొదలుపెట్టారు. చేతిలో ఉన్న మూలధనం లక్ష రూపాయలు. మన చరిత్ర పాఠాల్లో మాత్రం ఆయన 1939లో సుభాస్ బోసు చేతిలో ఓడిపోయిన మనిషి, అంతే! నాకిది కష్టంగానే తోస్తుంది.

1980లో ఆ బ్యాంకు జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డులు మారాయి. నాన్న మాత్రం, సార్వా పెట్టుబడికి అమ్మ గాజులు రుమాల్లో మూటగట్టుకుని, "ఆంధ్రా బ్యాంకుకెళ్ళొస్తా" అనే బయల్దేరతాడు. "ఆ పేరిప్పుడు లేదు నాన్నా" అని ఓసారి దిద్దబోయాను.

"పేరు లేకపోతే మానె. కిందటేడు పెట్టిన గొలుసు అక్కడే ఉందిగా!" అన్నాడు.